వీఆర్ హెడ్‌సెట్ ఏది కొనాలి: ఫోన్ డబ్బా, క్వెస్ట్, పీఎస్ వీఆర్2, పీసీ దారి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే తలకు పెట్టుకుంటే చుట్టూ వేరే లోకం ఉన్నట్టు చూపించేది) కావాలని విజయవాడ ఏలూరు రోడ్డులో అడిగినా, గుంటూరు బ్రాడీపేటలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా, ఫోను లోపల పెట్టుకునే వెయ్యి రూపాయల ప్లాస్టిక్ డబ్బా నుంచి మంచి ల్యాప్‌టాప్ ఖరీదు చేసే హెడ్‌సెట్ దాకా అన్నీ ఒకే పేరుతో ముందుకొస్తాయి. అట్టపెట్టె మీద బొమ్మ కూడా దాదాపు ఒకటే. లోపలి సరుకు మాత్రం వేరు. వీఆర్ మెట్టు మెట్టుగా ఎదిగిన వస్తువు. ఇవాళ దొరికే ఒక్కో రకం ఆ మెట్లలో ఒక్కోచోట ఆగి ఉంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎంపిక సగం తేలుతుంది. మిగతా సగం మీ హాలు, మీ సీలింగ్ ఫ్యాను, మీ కళ్ళు తేలుస్తాయి.

ముందు చూడాల్సింది: కదలిక

1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన తలకు పెట్టుకునే తెర ఎంత బరువంటే దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. తల ఎటు తిరిగిందో కొలిచింది కూడా ఆ పైకప్పుకి బిగించిన యంత్రమే. ఆ పని చౌకగా, చిన్నగా మారడానికి స్మార్ట్‌ఫోన్లు రావాల్సి వచ్చింది. ఫోన్ల కోసం లక్షల్లో తయారైన గోరంత గైరోస్కోపులు, అరచేతంత పదునైన తెరలే ఇప్పటి వీఆర్‌కి పునాది. 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో దాదాపు 24 లక్షల డాలర్లు పోగేసిన ఓక్యులస్ రిఫ్ట్ హెడ్‌సెట్, 2014లో తెచ్చిన రెండో నమూనాలో ఏకంగా గెలాక్సీ నోట్ 3 ఫోన్ తెరనే వాడింది.

అయితే గైరోస్కోపుకి తల తిరగడం ఒక్కటే తెలుసు. పైకీ కిందకీ చూడడం, పక్కలకి తిప్పడం, భుజం మీదకి వాల్చడం, ఈ మూడూ పట్టుకుంటుంది. మీరు కుర్చీలోంచి ముందుకు వంగారా, ఒక అడుగు పక్కకి వేశారా అన్నది దానికి పట్టదు. ఆ జరుగుడు కూడా తెలియాలంటే హెడ్‌సెట్‌కి గదిని చూసే కళ్ళుండాలి. 2016లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ గది మూలల్లో లేజర్ పెట్టెలు బిగించమంది. అదే ఏడాది వచ్చిన రిఫ్ట్ బల్ల మీద కెమెరా స్తంభం పెట్టమంది. 2019 మే నెలలో వచ్చిన ఓక్యులస్ క్వెస్ట్ (ఇప్పుడు మెటా క్వెస్ట్ అంటున్నారు) నాలుగు కెమెరాలను తన ముఖానికే అమర్చుకుని, గోడ మూలలు, సోఫా అంచులు గుర్తుపట్టి తానెక్కడుందో లెక్కగట్టింది. గోడలకి మేకులు కొట్టే పని, పీసీకి వైరు లాగే పని రెండూ ఒకేసారి పోయాయి. వీఆర్ ఇళ్ళలోకి రావడానికి ఇంతకన్నా పెద్ద మెట్టు ఇంకొకటి లేదు.

అందుకే అమ్మేవాళ్ళని మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: మనిషి జరిగితే బొమ్మ జరుగుతుందా, తల తిరిగితేనే తిరుగుతుందా? తిరగడం మాత్రమే అయితే అది మూడు విధాల కదలిక. జరగడం కూడా ఉంటే ఆరు విధాలు. మూడు విధాల దాంట్లో ముందుకు వంగితే ఎదురుగా ఉన్న బల్ల కూడా మీతోపాటే ముందుకు జరిగినట్టుంటుంది. కంటికి ఒకటి, చెవిలోని సమతూకానికి ఇంకొకటి తెలిసేసరికి కడుపులో తిప్పుతుంది.

ఆలస్యం, వెలుగు వ్యవధి

తల తిప్పిన క్షణం నుంచి తెర మీద బొమ్మ మారేదాకా పట్టే సమయం 20 మిల్లీసెకన్ల లోపే ఉండాలి. అది దాటితే లోకం వెనకబడి ఈదుతున్నట్టు ఉంటుంది. దీనికి మంచి హెడ్‌సెట్లు మూడు పనులు చేస్తాయి. సెకనుకి వెయ్యిసార్ల వరకు సెన్సర్లను చదువుతాయి. బొమ్మ గీయడం పూర్తయ్యాక కూడా, తెర మీదకి పంపే ముందు తల తాజాగా ఎటుందో చూసి బొమ్మను ఆ మేరకు జరుపుతాయి. మూడోది బయటికి కనిపించని పని: తెరను మెరిపించి ఆర్పేస్తాయి. 90 హెర్ట్జ్ తెరలో, అంటే సెకనుకి 90 బొమ్మలు చూపేదాంట్లో, ఒక్కో బొమ్మకి 11 మిల్లీసెకన్ల సమయం ఉంటే, వెలుగు ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే. మిగతా సమయం తెర నల్లగానే ఉంటుంది, కంటికి తెలియదు. ఇలా చేయకపోతే తల తిప్పినప్పుడల్లా బొమ్మ అలుక్కుపోతుంది. మామూలు ఫోన్ తెర అలా ఆరదు. డబ్బాలో పెట్టిన ఫోను ఎంత ఖరీదైనదైనా తల తిప్పితే అక్షరాలు చెదరడానికి కారణం ఇదే.

లెన్సు దగ్గర కాసేపు ఆగాలి

చాలామంది పిక్సెళ్ళ లెక్క చూసి కొంటారు. రోజూ వాడేటప్పుడు తేడా తెలిసేది లెన్సులో.

తెర కంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దగ్గరున్న దాన్ని కన్ను చదవలేదు. అది కొన్ని అడుగుల అవతల ఉన్నట్టు చూపించేది లెన్సు. భూతద్దం లాంటి మామూలు లెన్సు మందంగా, బరువుగా ఉంటుంది. ఆ మందాన్ని వలయాలుగా కోసి పలచగా పరిచినది ఫ్రెనెల్ లెన్సు. 19వ శతాబ్దంలో లైట్‌హౌస్ దీపాల కోసం పుట్టిన ఆలోచన అది. తేలిక, చౌక, వెలుగు నష్టం తక్కువ. లోపం ఆ వలయాల అంచుల్లోనే ఉంది. నల్లని తెర మీద తెల్ల అక్షరం వస్తే అంచులు వెలుగును చిమ్మి, అక్షరం చుట్టూ చారలు పుట్టిస్తాయి. మధ్యలో మాత్రమే పదును, పక్కలకి మసక. పక్కనున్నది చదవాలంటే కన్ను తిప్పితే చాలదు, తల తిప్పాలి.

పాన్‌కేక్ లెన్సు వెలుగును పలచని పొరల మధ్య ముందుకీ వెనక్కీ మడిచి కంటికి పంపుతుంది. దాంతో హెడ్‌సెట్ మూతి పొట్టిదై, బరువు ముఖానికి దగ్గరగా చేరుతుంది. పదును దాదాపు అంచుదాకా ఉంటుంది. ఆ మడతల్లో వెలుగు చాలా భాగం పోతుంది కాబట్టి వెనక బలమైన బ్యాక్‌లైటు పెట్టాలి. ధర పెరగడానికి అదొక కారణం.

దీనితో ముడిపడ్డది కంటిపాపల మధ్య దూరం. కళ్ళజోడు దుకాణాల్లో దీన్ని పీడీ అంటారు. మీ పవర్ చీటీ మీద రాసి ఉంటే సరే, లేకపోతే ఇంట్లోనే కొలవచ్చు. అద్దం ముందు మూరెడు దూరంలో నిలబడి, మిల్లీమీటర్ల స్కేలును కనుబొమల మీద అడ్డంగా పట్టుకోండి. కుడి కన్ను మూసి, సున్నా గీతను ఎడమ కంటిపాప మధ్యకి సరిచేయండి. తల, స్కేలు కదపకుండా ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరవండి. కుడి కంటిపాప మధ్య ఎదురుగా ఉన్న అంకె మీ పీడీ. మూడుసార్లు కొలిచి మధ్యస్థంగా వచ్చినది రాసుకోండి. ఈ అంకెతో తర్వాత పని ఉంది.

పిక్సెళ్ళు

మొత్తం పిక్సెళ్ళకన్నా, చూపులో ఒక్కో డిగ్రీకి ఎన్ని పడుతున్నాయన్నది ముఖ్యం. బాగా చూడగల కన్ను డిగ్రీకి 60 దాకా పట్టగలదంటారు. 2013 నాటి తొలి రిఫ్ట్ నమూనా ఒక్కో కంటికి 640 పిక్సెళ్ళను 90 డిగ్రీల పైన పరిచింది, అంటే డిగ్రీకి 7. దోమతెర వెనక నుంచి చూసినట్టుండేది. తయారుచేసే మెటా కంపెనీ లెక్క ప్రకారం క్వెస్ట్ 3ఎస్ సుమారు 20, క్వెస్ట్ 3 సుమారు 25.

360 డిగ్రీల వీడియో కోసమే కొనేవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి. 4కే వీడియోలో అడ్డంగా 3840 పిక్సెళ్ళు. వాటిని చుట్టూ 360 డిగ్రీలకి పంచితే డిగ్రీకి 11 కూడా రావు. కనకదుర్గమ్మ కొండ మీద నుంచి కృష్ణానదిని తీసిన 4కే 360 వీడియో క్వెస్ట్ 3లో కూడా మసకగా కనిపిస్తే తప్పు హెడ్‌సెట్‌ది కాదు. 8కే వీడియో అయితే 21 వస్తాయి, తేడా కంటికి తెలుస్తుంది.

ఒక చూపులో

| రకం | కదలిక | లెన్సు | ఒక్కో కంటికి పిక్సెళ్ళు | బొమ్మ గీసేది | బరువు |
|---|---|---|---|---|---|
| ఫోన్ డబ్బా | 3 విధాలు | మామూలు ప్లాస్టిక్ | ఫోన్ తెరలో సగం లోపు | మీ ఫోను | ఫోనును బట్టి |
| వాడిన క్వెస్ట్ 2 (2020) | 6 విధాలు | ఫ్రెనెల్ | 1832 × 1920 | లోపలి చిప్ | 503 గ్రా. |
| క్వెస్ట్ 3ఎస్ (2024) | 6 విధాలు | ఫ్రెనెల్ | 1832 × 1920 | లోపలి చిప్ | 514 గ్రా. |
| క్వెస్ట్ 3 (2023) | 6 విధాలు | పాన్‌కేక్ | 2064 × 2208 | లోపలి చిప్ | 515 గ్రా. |
| సోనీ పీఎస్ వీఆర్2 (2023) | 6 విధాలు | ఫ్రెనెల్ | 2000 × 2040 | పీఎస్5 లేదా పీసీ | 560 గ్రా. |

యాపిల్ విజన్ ప్రోని ఈ పట్టికలో పెట్టలేదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో 3,499 డాలర్లకి వచ్చిన ఆ హెడ్‌సెట్, రెండు తెరల్లో కలిపి 2.3 కోట్ల పిక్సెళ్ళతో, కెమెరా చూసినదాన్ని 12 మిల్లీసెకన్లలో కంటికి చేర్చే ప్రత్యేక చిప్‌తో, మెట్లు ఎటు వెళ్తున్నాయో చూపిస్తుంది. ఇంట్లోకి కొనే లెక్కలో అది ఇమడదు.

ఫోన్ డబ్బా

2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్ అట్టముక్కతో, రెండు లెన్సులతో మొదలుపెట్టిన దారి ఇది. 2023 ఐపీఎల్ సమయంలో జియో 1,299 రూపాయలకి తెచ్చిన జియోడైవ్ కూడా ఈ జాతే. మూడు విధాల కదలిక, చేతులకి కంట్రోలర్లు లేవు, తెర అలుకుడు తప్పదు. గూగుల్ స్వయంగా, ఫోను పెట్టుకునే తన డేడ్రీమ్ హెడ్‌సెట్‌ని 2019లో ఆపేసింది.

పనికిరాదని కాదు. 360 వీడియో ఎలా ఉంటుందో పది నిమిషాలు చూడడానికి, పిల్లవాడికి సౌరకుటుంబం ఒకసారి చూపించడానికి సరిపోతుంది. కొనేముందు ఫోన్లో గైరోస్కోపు ఉందో లేదో చూడండి. చౌక ఫోన్లు కొన్నిటిలో యాక్సిలరోమీటరు మాత్రమే ఉంటుంది. అప్పుడు తల తిప్పినా బొమ్మ కదలదు, లేదా ఒక పక్కకి జారిపోతూ ఉంటుంది. ఫోను వేడెక్కితే వెలుగు తనంతట తానే తగ్గిపోతుంది. మన ఎండాకాలంలో అది పావుగంటలోనే జరగవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం ముఖ్యం. ఈ డబ్బా చూసి వీఆర్ అంటే ఇంతేనని తీర్మానించుకోకండి. రెండో మెట్టు మీద ఆగిన వస్తువును చూసి మేడ ఎత్తు చెప్పలేం.

క్వెస్ట్ 3ఎస్, క్వెస్ట్ 3

చాలామంది అసలు తేల్చుకోలేనిది ఈ రెంటి మధ్యే. రెంటిలోనూ ఒకటే చిప్, స్నాప్‌డ్రాగన్ ఎక్స్‌ఆర్2 రెండో తరం. ఒకటే 8 జీబీ ర్యామ్, ఒకే రకం కంట్రోలర్లు, రెంటికీ రంగుల పాస్‌త్రూ, అంటే హెడ్‌సెట్ తీయకుండానే కెమెరాల గుండా గదిని రంగుల్లో చూడడం. ఒకే ఆటలు, ఒకే వేగం. అమెరికాలో విడుదలైనప్పుడు 3ఎస్ ధర 299 డాలర్లు, 3 ధర 499. ఆ 200 డాలర్ల తేడాకి వచ్చేది ముఖ్యంగా లెన్సు, తెర.

3ఎస్‌లో కళ్ళ దూరానికి మూడే గాట్లు: 58, 63, 68 మిల్లీమీటర్లు. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి 58 నుంచి 71 దాకా ఎక్కడైనా ఆపవచ్చు. ఇందాక కొలిచిన పీడీ ఇక్కడ పనికొస్తుంది. మీది 63కి ఒకటి అటూ ఇటూ అయితే 3ఎస్ హాయిగా సరిపోతుంది. 60 లేదా 66 లాంటి నడిమి అంకె అయితే దగ్గరి గాటులో కూడా పదును కొంచెం తగ్గుతుంది, అరగంట దాటితే కొందరికి కళ్ళు లాగుతాయి. 70 పైనుంటే 3ఎస్ గురించి ఆలోచించవద్దు.

చదివే పని ఉంటే క్వెస్ట్ 3 తీసుకోండి. పెద్ద తెరగా చేసుకుని సినిమా చూడడం, ల్యాప్‌టాప్ తెరను వీఆర్‌లో పెట్టుకుని కోడ్ రాయడం, తెలుగు సబ్‌టైటిల్స్ చదవడం ఇందులోకి వస్తాయి. తెలుగు అక్షరానికి వత్తులు, గుడులు, సుడులు ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం ఊరికే మసకబారితే చదవగలం, తెలుగులో ‘ప’ ‘ష’ కలిసిపోతాయి. ఫ్రెనెల్ చారల్లో ఆ తేడా ఇంకా కష్టం. ఊపుగా కదిలే ఆటలు, వ్యాయామం, బాక్సింగ్ లాంటివే ప్రధానమైతే అంచుల మసక పెద్దగా గుర్తురాదు. 3ఎస్ తీసుకుని మిగిలిన డబ్బు మంచి తలపట్టీకి పెట్టడం తెలివైన పని. రెంటితో వచ్చే మెత్తని పట్టీ బరువునంతా చెంపల మీద వేస్తుంది. వెనక చక్రం తిప్పి బిగించే గట్టి పట్టీ మార్చితే అదే హెడ్‌సెట్ గంటసేపు భరించవచ్చు.

చిన్న తేడాలు రెండు. క్వెస్ట్ 3లో లోతు కొలిచే సెన్సర్ ఉంది, 3.5 మి.మీ. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది. 3ఎస్‌లో ఈ రెండూ లేవు. బ్యాటరీ రెంటికీ రెండు గంటలకి పైచిలుకు, అంతే. కంట్రోలర్లకి ఒక్కోదానికి ఒక ఏఏ సెల్లు కావాలి. రీచార్జి సెల్లులు నాలుగు కొనిపెట్టుకోండి.

స్టోరేజి విషయంలో 128 జీబీ చాలామందికి సరిపోతుంది. 8కే వీడియోలు దింపుకుని చూపించే వ్యాపారమైతే మాత్రం చాలదు.

పీఎస్ వీఆర్2

ఇంట్లో ఇప్పటికే పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 ఆటల యంత్రం) ఉంటే దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే రెండూ కలిపి కొనడం ఖరీదైన దారి. ఒక్కో పిక్సెలు విడిగా వెలిగి ఆరే ఓఎల్‌ఈడీ తెర కాబట్టి నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. రాత్రి రోడ్డు మీద కారు నడిపే ఆటలో, చీకటి గుహలో దివిటీ పట్టుకునే ఆటలో క్వెస్ట్ తెర బూడిద రంగు చూపిస్తే, ఇది చీకటిని చూపిస్తుంది. ఇంకో గొప్ప మెట్టు ఇందులో ఉంది: కన్ను ఎటు చూస్తుందో కనిపెట్టే సెన్సర్లు. చూపు పడ్డ చోట మాత్రమే పూర్తి పదునుతో గీసి, చుట్టుపక్కల తక్కువ పదునుతో సరిపెడుతుంది. కంటికి తేడా తెలియదు, యంత్రానికి భారం తగ్గుతుంది.

బదులుగా వదులుకునేవి కూడా స్పష్టం. నాలుగున్నర మీటర్ల వైరు ఎప్పుడూ వెంట ఉంటుంది. లెన్సు ఫ్రెనెల్, మధ్యలోని పదును చోటు చిన్నది. కనుక తలమీద అటూ ఇటూ జరిపి సరైన చోటు వెతుక్కోవాలి. ‘మసకగా ఉంది’ అని తిరిగి ఇచ్చేసేవాళ్ళలో చాలామంది ఈ పని చేసి ఉండరు. ముందు నుదుటి పట్టీని కొంచెం పైకి పెట్టి, వెనక పట్టీని తల గుండ్రం కిందకి దించి, అప్పుడు బిగించాలి.

2024 ఆగస్టు నుంచి పీసీ అడాప్టర్ కూడా దొరుకుతోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పీసీకి డిస్‌ప్లేపోర్ట్ 1.4 అనే తెర వైరు రంధ్రం ఉండాలి, ఆ వైరు విడిగా కొనాలి, కంట్రోలర్ల కోసం బ్లూటూత్ 4.0 ఉండాలి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇది తగలదు. పీసీలో కంటి సెన్సర్లు, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను పెంచి చూపే సదుపాయం), హెడ్‌సెట్ వణుకు పనిచేయవు. దీన్ని గొప్పగా చేసిన సగం సదుపాయాలు పీఎస్5 దగ్గరే ఉండిపోతాయి.

పీసీ దారి

మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ ఇప్పటికే ఉన్నవాళ్ళకి క్వెస్ట్ కొని పీసీకి కలుపుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా లాభసాటి. హెడ్‌సెట్ విడిగానూ పనిచేస్తుంది, పీసీ ఆటలకి తెరగానూ పనిచేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 స్థాయి ఉంటే ఎక్కువ ఆటలు సాఫీగా నడుస్తాయి.

తడబాటు ఎక్కువగా వైఫైలో వస్తుంది. లోపం ఇంటర్నెట్ వేగంలో ఉందనుకుని ప్లాను మారుస్తుంటారు. పీసీ నుంచి హెడ్‌సెట్‌కి వెళ్ళే బొమ్మ ఇంటర్నెట్‌కి వెళ్ళదు, ఇంట్లోని రౌటర్ గుండానే వెళ్తుంది. చేయాల్సిన పని ఇలా ఉంటుంది. పీసీ నుంచి రౌటర్‌కి ల్యాన్ వైరు వేయండి. రెండూ వైఫై మీద ఉంటే ఒకే గాలిని రెండుసార్లు వాడినట్టే. హెడ్‌సెట్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకే కలపండి. ఆడే గదిలోనే రౌటర్ ఉండాలి, మధ్యలో గోడ ఉండకూడదు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టె హాల్లో టీవీ వెనక, మీరు ఆడేది పడకగదిలో అయితే, అక్కడికి ల్యాన్ వైరు లాగి ఒక వైఫై 6 రౌటర్ విడిగా పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై వైఫైలు ఉంటే చానల్ చేత్తో మార్చుకోవాలి. ఇవేవీ కుదరకపోతే అయిదు మీటర్ల యూఎస్‌బీ 3 వైరు వాడండి, అది గొడవ లేనిది.

మన ఇళ్ళలో వచ్చే చిక్కులు

కంపెనీల సూచనలు కార్పెట్ పరిచిన గదుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన గదిలో చూడాల్సినవి వేరు.

మొదటిది సీలింగ్ ఫ్యాను. పది అడుగుల స్లాబు కింద రెక్కలు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో తిరుగుతాయి. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి చెయ్యెత్తితే ఏడడుగుల పైకి చేరుతుంది, చేతిలో కంట్రోలరు, మీద ఒక ఎగురు. అప్పడాల కర్ర చేత పట్టుకుని, ఫ్యాను ఆపి, దాని కింద నిలబడి చెయ్యి పూర్తిగా ఎత్తండి. మునివేళ్ళ మీద లేవండి. కర్ర కొసకీ రెక్కకీ మధ్య జానెడు ఖాళీ లేకపోతే ఆడేటప్పుడు ఫ్యాను ఆపాల్సిందే. ఉక్కపోతకి టేబుల్ ఫ్యాను గది మూలలో, మీకు ఎదురుగా పెట్టుకోండి. గాలి ఎటు నుంచి వస్తుందో అదే ముందువైపు అని ఒంటికి గుర్తుంటుంది. కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది.

రెండోది నేల, గోడలు. మెరిసే విట్రిఫైడ్ టైల్స్‌లో ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడితే కెమెరాలు దాన్ని నిజమైన గుర్తు అనుకుంటాయి. పెద్ద అద్దం ఉన్న బీరువా తలుపు ఇంకా మోసం చేస్తుంది. ఒట్టి తెల్లగోడలు కెమెరాకి పట్టు దొరకనివ్వవు. నేల మీద గళ్ళ చాప, గోడకి ఒక క్యాలెండరు, అద్దం మీద దుప్పటి ఉంటే సగం గొడవలు పోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు కింద కంట్రోలర్లు వణికినట్టుంటే క్వెస్ట్ సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కి మార్చండి.

తిరిగి ఆడడానికి ఆరున్నర అడుగుల చదరం ఖాళీ కావాలి. టీపాయి జరిపితే వచ్చే ఖాళీ కాదు, చేతులు చాచి తిరిగినా ఏదీ తగలని ఖాళీ. అంత లేకపోతే కూర్చుని ఆడేవి చాలానే ఉన్నాయి. వాటి కోసమైనా హెడ్‌సెట్ కొనవచ్చు.

ఎండ విషయం గట్టిగా చెప్పాలి. లెన్సు భూతద్దమే. కిటికీలోంచి వచ్చిన ఎండ నిమిషం సేపు లెన్సు మీద పడినా వెనక తెర మీద కాలిన చుక్క శాశ్వతంగా మిగిలిపోతుంది. బల్ల మీద లెన్సులు పైకి పెట్టి వదిలేయకండి. మే నెలలో మూసిన కారులో అస్సలు ఉంచకండి. క్వెస్ట్ 35 డిగ్రీల లోపు వాడకానికి చేసినది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆడితే వేడి హెచ్చరిక చూపి ఆగిపోతుంది. ఉదయమో రాత్రో ఆడుకోవాలి.

కరెంటు పోయినప్పుడు క్వెస్ట్‌కి ఏమీ కాదు, బ్యాటరీ లోపలే ఉంది. పీఎస్5, పీసీలకి ఇన్వర్టర్ అండ ఉండాలి.

చెమట పట్టిన లెన్సుని పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. శానిటైజర్ తగిలితే పైపూత లేచిపోతుంది. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. కెమెరా లెన్సులకి పట్టే బూజు వీటికీ పడుతుంది.

ఎవరికి ఏది

ఇంజనీరింగ్ విద్యార్థి వీఆర్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకోవాలంటే క్వెస్ట్ 3ఎస్. 2019లో వచ్చిన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం వల్ల ఒక హెడ్‌సెట్ కోసం రాసింది మరోదానికి మార్చడం తేలికైంది. ఆ యాప్‌లు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఉచితంగానే దొరుకుతుంది. అసలు ఖర్చు ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్. దాన్ని ముందు చూసుకోండి.

అమరావతి, మంగళగిరి వైపు ఫ్లాట్లు అమ్మే బిల్డర్ కట్టని ఇంటిని చూపించాలంటే క్వెస్ట్ 3. కొనేవాళ్ళు వంటగది గట్టు దగ్గరికి నడిచి, వంగి చూడాలనుకుంటారు. ఫోన్ డబ్బాలో చూపించే 360 ఫొటోతో అది కుదరదు. ఎక్కువమంది కళ్ళజోడుతోనే వస్తారు. హెడ్‌సెట్ లెన్సుకి కళ్ళజోడు అద్దం రాసుకుంటే గీత పడుతుంది కాబట్టి లోపలి గ్యాప్ పెంచి ఉంచండి. ముఖానికి తగిలే భాగానికి తుడవగలిగే సిలికాన్ తొడుగు వేయండి. వాళ్ళు చూస్తున్నది పక్కన టీవీలో కనిపించేలా కాస్టింగ్ పెట్టకపోతే ఎటు నడవాలో మీరు చెప్పలేరు.

గుంటూరులో కాలేజీ ల్యాబు కోసం పది కొంటుంటే 3ఎస్‌లే కొనండి. ఒక్కోదానికి నంబరు వేసి, 18 వాట్ల చార్జర్లు విడివిడిగా ఏర్పాటు చేయండి.

పిల్లల కోసమైతే వయసు చూడండి. మెటా 10 ఏళ్ళ లోపు వద్దంటుంది, సోనీ 12 ఏళ్ళ లోపు వద్దంటుంది. మొదటి వారం రోజుకి పది నిమిషాలు, కూర్చుని ఆడేవి. చెమట పట్టి ముఖం పాలిపోతే వెంటనే తీసేయాలి. ‘అలవాటవుతుందిలే’ అని ఆడిస్తే మరుసటి రోజు హెడ్‌సెట్ చూస్తేనే తిప్పుతుంది.

వాడినది కొనేటప్పుడు

వాడిన క్వెస్ట్ 2 ఇప్పటికీ నేర్చుకోవడానికి మంచిదే. లెన్సులు, తెర దాదాపు 3ఎస్‌తో సమానం. చిప్ ఒక తరం పాతది, పాస్‌త్రూ నలుపు తెలుపు. కొత్త ఆటలు కొన్ని దీన్ని వదిలేస్తున్నాయి. 3ఎస్ ధరలో సగం కన్నా ఎక్కువ అడిగితే వద్దనండి. 2019 నాటి మొదటి క్వెస్ట్ ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి, దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అని రాసి ఉన్న పాత హెడ్‌సెట్లు కూడా అంతే. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్నే తీసేసింది. దిగుమతి సరుకైతే వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో బిల్లు మీద రాయించుకోండి.

చేతిలోకి తీసుకున్నాక పది నిమిషాలు అడగండి. తెల్లని తెర తెరిచి కాలిన చుక్కలు, పసుపు మరకలు వెతకండి. కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టి, స్టిక్ ముట్టుకోకుండా బొమ్మ తనంతట తాను జరుగుతుందా చూడండి. హెడ్‌సెట్ పెట్టుకుని తల అటూ ఇటూ వేగంగా ఊపి, తర్వాత నాలుగడుగులు నడవండి, లోకం జారకూడదు. పూర్తి చార్జితో మొదలుపెట్టి పది నిమిషాల్లో ఎంత శాతం పోయిందో రాసుకోండి. 10 శాతం దాటితే బ్యాటరీ అలిసిపోయింది. చివరగా పాత యజమాని తన ఖాతా నుంచి దాన్ని తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ ఫోన్లోని యాప్‌తో మీ ఖాతాకి జతపడ్డాకే డబ్బు చెల్లించండి.